పెరటి గజీబో: ముందు చోటు, తర్వాత సోకు

నాలుగు వైపులా తెరిచి, పైన కప్పు మాత్రమే ఉండే చిన్న తోట మండపమే గజీబో. ఆరు పలకలుగానో ఎనిమిది పలకలుగానో కట్టి, నడిమధ్యకు లేచే వాలు కప్పు వేయడం దీని పాత పద్ధతి. ఇప్పుడు నలుచదరపువి, పొడవాటివి కూడా అదే పేరుతో దొరుకుతున్నాయి. కప్పు లేకుండా అడ్డంగా వాసాలు మాత్రమే పరిచిన దాన్ని పర్గోలా అంటారు. అది తీగలకు పందిరే గానీ వానకు అడ్డం కాదు. రెండింటినీ ఒకే గాటన కట్టి చూపే దుకాణాలున్నాయి కాబట్టి కొనేవారు తేడా తెలుసుకుని వెళ్లడం మంచిది.

పేరు కొత్తదే అయినా ఇలాంటి కట్టడం తెలుగు నేలకు కొత్త కాదు. ఊరేగింపులో దేవుణ్ని దించే నాలుగు కాళ్ల మండపాలు పాత గుళ్ల దగ్గర కనిపిస్తూనే ఉంటాయి. గోల్కొండకు దగ్గర్లో కుతుబ్‌షాహీల నాటి తారామతి బారాదరి పన్నెండు వాకిళ్లతో, ఏ దిక్కు గాలినైనా లోపలికి రానిచ్చేలా ఎత్తు మీద నిలబడి ఉంది. చోటు ఎంపికలోనే సగం పని అయిపోయిన కట్టడం అది. ఇంటి తోటకు గజీబో తెచ్చుకునేవారు మాత్రం చాలాసార్లు తలకిందులుగా మొదలుపెడతారు. కేటలాగులో కప్పు ఆకారం, రంగు చూసి ముచ్చటపడి కొంటారు. సరుకు దిగాక దాన్ని పెరట్లో ఏ మూల పెట్టాలా అని వెతుకుతారు. అలా తెచ్చిన గజీబోలు కొన్నాళ్లకు పాత కుండీలు, విరిగిన కుర్చీలు దాచే కొట్టాలవుతాయి.

అందులో ఎవరు, ఏ వేళ, ఏం చేస్తూ కూర్చుంటారన్నది ముందు తేలాలి. పొద్దున పేపరు, కాఫీలతో గడిపే ఇద్దరికీ, ఆదివారం మధ్యాహ్నం భోజనానికి చేరే ఎనిమిది మందికీ, సాయంత్రం ఆడుకునే పిల్లలకూ ఒకే గజీబో కుదరదు. పొద్దుటి పూటకైతే ఎక్కడ పెట్టినా పెద్దగా ఇబ్బంది లేదు. చిక్కంతా సాయంత్రంతోనే. తెలుగు ఇళ్లలో తోటలోకి వచ్చి కూర్చునే వేళ కూడా అదే.

హైదరాబాద్ అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ ఎండను ఏ కప్పయినా ఆపుతుంది. అదే మే నెలలో సాయంత్రం నాలుగున్నరకు సూర్యుడు పడమట 30 డిగ్రీల ఎత్తుకు దిగిపోతాడు. ఏడున్నర అడుగుల ఎత్తున ఉన్న చూరు కింద నుంచి ఆ ఎండ నేల మీద 13 అడుగుల దూరం లోపలికి వస్తుంది. అంటే పదడుగుల గజీబోలో పడమటి అంచు నుంచి తూర్పు అంచు దాకా నేలంతా ఎండే. నీడ గజీబో దాటి అవతల పచ్చిక మీద పడుతుంది. కుర్చీలో కూర్చున్న మనిషి తల నాలుగడుగుల ఎత్తున ఉంటుందనుకున్నా, ఆరడుగుల లోపలి వరకు ముఖాన ఎండ కొడుతూనే ఉంటుంది. చూరును ఏడడుగులకు దించి, స్తంభాలు దాటి అడుగున్నర బయటికి చాపితే ఆ ఆరడుగులు నాలుగడుగుల లోపుకు తగ్గుతాయి. కాబట్టి ఎత్తు కప్పు, పొట్టి చూరు ఉన్న గజీబో చూడటానికి హుందాగా ఉంటుందే తప్ప మన ఎండలకు పనికొచ్చేది కాదు.

పడమటి ఎండకు మంచి విరుగుడు ఇంటి గోడే. ఇంటికి తూర్పున గజీబో పెడితే మధ్యాహ్నం మూడు దాటేసరికి ఇంటి నీడ దానిపైకి జరుగుతుంది. తూర్పున జాగా లేకపోతే పడమటి వైపు ఒక కానుగో వేపో ఉన్న చోటు చూసుకోవాలి. అదీ కుదరకపోతే ఆ ఒక్క వైపు మేదరివాళ్లు అల్లే వెదురు తడికో, మడిచి పైకి చుట్టే చాపతెరో కట్టుకోవాలి. వాస్తు పట్టింపు ఉన్నవారు ఈశాన్యం ఖాళీగా ఉంచి, బరువైన కట్టడాన్ని నైరుతికి తోస్తారు. నైరుతి మూల నిలబెట్టిన గజీబోకు పడమటి ఎండా దక్షిణపు ఎండా రెండూ తగులుతాయి. అక్కడే కట్టాలనుకుంటే తడిక ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోవాలి.

చెట్టు నీడ అనగానే ఏ చెట్టయినా సరే అనుకోకూడదు. కొబ్బరి చెట్టు కింద గజీబో వద్దు. ఎండు మట్ట పడితే పెంకు పగులుతుంది, కాయ పడితే తలకే ముప్పు. మామిడి కింద పూత కాలంలో తేనెమంచు పురుగు జిగురు కప్పు మీద, కుర్చీల మీద కారి, దాని మీద నల్లటి మసి తెగులు పేరుకుంటుంది. సెప్టిక్ ట్యాంకు, నీళ్ల సంపు, బోరు మోటారు ఉన్న చోట్లను వదిలేయాలి. బోరును ఎప్పుడైనా పైకి తీయాల్సి వస్తే లారీ, పొడవాటి గొట్టాలు రావడానికి జాగా ఉండాలి మరి. ఇంటి చుట్టూ వదిలిన సెట్‌బ్యాక్ స్థలంలో శాశ్వత కట్టడాలకు మునిసిపల్ నిబంధనలు సాధారణంగా ఒప్పుకోవు. ప్లాను గీసిన ఇంజనీరునో పురపాలక కార్యాలయాన్నో అడిగాకే గుంత తవ్వాలి.

కొలత నిర్ణయించడానికి ముగ్గు పిండి చాలు. అనుకున్న చోట గజీబో హద్దు ముగ్గుతో గీసి, లోపల ఇంట్లోని కుర్చీలూ బల్లా వేసి, వాడే వేళకే వెళ్లి కూర్చోవాలి. కాగితం మీద విశాలంగా తోచిన ఎనిమిదడుగుల చదరంలో నాలుగు కుర్చీలు, ఒక టీపాయి పట్టేసరికి మోకాళ్లు తగులుతాయి. భోజనాల బల్ల వేయాలంటే బల్ల చుట్టూ కుర్చీ వెనక్కి లాగడానికి మూడేసి అడుగులు కావాలి. మూడడుగుల గుండ్రటి బల్లకే తొమ్మిది అడుగులు అవుతుంది. నలుగురికి పదడుగుల చదరం సరిపోతుంది. ఆరుగురికీ ఎనిమిది మందికీ పన్నెండు అడుగులు చూసుకోవాలి. ఎనిమిది పలకల గజీబో ఇక్కడ కొంత మోసం చేస్తుంది. అమ్మకందారు పదడుగులు అనేది ఎదురెదురు పలకల మధ్య దూరం. అందులో నేల వైశాల్యం 83 చదరపు అడుగులే. నలుచదరంలో అదే పదడుగులకు 100 చదరపు అడుగులు వస్తాయి. అందం కోసం ఆ 17 చదరపు అడుగులు వదులుకోవచ్చు, తెలిసి వదులుకోవాలి.

ఉయ్యాల బల్ల వేలాడదీయాలన్న కోరిక ఉంటే ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి. ముందుకూ వెనక్కూ మూడేసి అడుగులు ఊగే జాగా ఒక ఎత్తు, బరువు మరో ఎత్తు. ఇద్దరు పెద్దవాళ్లు ఊగుతున్నప్పుడు దూలం మీద పడే లాగుడు వాళ్ల బరువును మించే ఉంటుంది. రెడీమేడ్ గజీబోల పైకప్పు చట్రాలు కప్పును మోయడానికే చేసినవి. వాటికి కొక్కెం తగిలించకూడదు. ఉయ్యాలకు ప్రత్యేకంగా ఒక దూలం, దానికి రెండు గట్టి స్తంభాలు ఉండాలి.

ఎండ తర్వాత చూడాల్సింది గాలి. ఇది చాలామంది లెక్కలోనే ఉండదు. గోడలున్న ఇంటికి గాలి పక్క నుంచి తగులుతుంది. గజీబోకు పక్కలు లేవు కాబట్టి గాలి లోపలికి దూరి, కప్పును అడుగు నుంచి పైకి ఎత్తుతుంది. గాలివానలో గొడుగు తిరగబడేది ఇందుకే. కట్టడాల మీద గాలి ఒత్తిడికి సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరులకు సెకనుకు 50 మీటర్ల వేగాన్ని లెక్కలోకి తీసుకోమంటుంది. అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు అది 44 మీటర్లు, కర్నూలుకు 39 మీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరం దాటినప్పుడు 50 మీటర్ల గాలి అంటే ఏమిటో ఆ నగరం కళ్లారా చూసింది.

ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు. పదడుగుల చదరం కప్పు వైశాల్యం 9 చదరపు మీటర్ల పైమాటే కాబట్టి పైకి లాగే బలం వెయ్యి కిలోలు దాటవచ్చు. తుఫాను దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఉన్నట్టుండి వచ్చే ఈదురుగాలి గంటకు 70 కిలోమీటర్లు ఉన్నా రెండు వందల కిలోలకు పైగా బరువును ఎత్తగలదు. బట్ట కప్పు, సన్న గొట్టాల రెడీమేడ్ గజీబో మొత్తం బరువు అందులో సగం కూడా ఉండదు. నాలుగు కాళ్లకూ నాలుగు మేకులు కొట్టి వదిలేస్తే అది పక్కింటి కాంపౌండులో తేలుతుంది.

కాబట్టి గజీబోను నిలబెట్టేది నేల మీద కనిపించే భాగం కాదు, కింద పూడ్చిన కాంక్రీటు. కాంక్రీటు ఘనమీటరుకు సుమారు 2,400 కిలోల బరువుంటుంది. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న దిమ్మ ఒక్కొక్కటి 540 కిలోలు తూగుతుంది. నాలుగు మూలలా నాలుగు దిమ్మలు పోస్తే రెండు టన్నులు దాటుతుంది. దిమ్మ పోస్తున్నప్పుడే జె ఆకారపు బోల్టులు అందులో నిలిపి, తర్వాత స్తంభం అడుగు ప్లేటును వాటికి నట్లతో బిగించాలి. కాంక్రీటు గట్టిపడ్డాక డ్రిల్లు పెట్టి పైపైన కొట్టే బోల్టులు దానికి సాటి రావు. ఎర్రనేలల్లో, మొరం నేలల్లో ఈ దిమ్మలు చాలు. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి అయితే మరో జాగ్రత్త కావాలి. వానకు ఉబ్బి ఎండకు బీటలు వారే ఆ నేల దిమ్మలను ఒక్కోదాన్ని ఒక్కో తీరుగా కదుపుతుంది. ఏడాది తిరిగేసరికి స్తంభాలు తలో దిక్కు వాలతాయి. అక్కడ గుంత ఇంకా లోతుకు తీసి, రేగడిని తోడేసి, మొరం నింపి తడిపి దిమ్మిస చేశాకే కాంక్రీటు పోయాలి.

మిద్దె తోటల్లో గజీబో పెట్టేవారికి గుంత తవ్వే వీలే లేదు. ఎత్తు పెరిగిన కొద్దీ గాలి జోరూ పెరుగుతుంది. స్లాబుకు రంధ్రాలు వేస్తే నీళ్లు కిందికి దిగుతాయి. ఇంటి కాలమ్‌లు, బీమ్‌లు ఎక్కడ ఉన్నాయో తెలిసిన ఇంజనీరును పిలిచి, వాటి మీదుగానే స్తంభాలు వచ్చేలా చూసుకోవడం ఒక్కటే దారి. మిద్దెకు పెంకు కప్పు, రాతి స్తంభాల ఆలోచన మానుకోవాలి.

కప్పుకు వాడే సరుకుల్లో మన వాతావరణానికి అన్నిటికన్నా హాయినిచ్చేది తాటాకు. వేడిని లోపలికి రానివ్వదు, వాన చప్పుడు వినపడనివ్వదు. కోస్తాలో నేసే చేతులు ఇంకా దొరుకుతున్నాయి. రెండు మూడేళ్లకోసారి కొత్త ఆకు వేయించాలి, వాలు బాగా నిటారుగా ఉంచాలి. దీపావళి రాత్రి వీధిలోని ప్రతి రాకెట్‌నూ గమనించుకుంటూ కూర్చోవాలి. కొబ్బరాకు తడికెలు ఏడాది గడిస్తే గొప్ప. ఇంత వెంటపడి చూసుకునే ఓపిక లేనివారికి మంగళూరు పెంకు మేలు. 1865లో బాసెల్ మిషన్ మంగళూరులో మొదలుపెట్టిన కార్ఖానా నుంచి ఈ పెంకు దక్షిణాది అంతటా పాకింది. ఒక్కో పెంకు రెండున్నర కిలోల దాకా ఉంటుంది. చూరుతో కలిపి పన్నెండు అడుగుల చదరపు కప్పుకు అరటన్నుకు పైగానే బరువు పడుతుంది. కాబట్టి దానికి తగ్గ దూలాలు, వాసాలు, కనీసం 26 నుంచి 30 డిగ్రీల వాలు ఉండాలి. ఆ బరువే గాలికి విరుగుడు కూడా. అంచు వరసల పెంకులను మాత్రం తీగతో కట్టించాలి, ముందుగా లేచేవి అవే.

పాలీకార్బొనేట్ రేకు వెలుతురు ఇస్తుంది, దాంతోపాటు వేడినీ ఇస్తుంది. నీడ కోసం కట్టిన గజీబోకు వెలుతురు కప్పు వేయడంలో అర్థం లేదు. చెట్టు నీడలో ఉన్న గజీబోకు మాత్రం పర్వాలేదు. వేయించేటప్పుడు అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పూత ఉన్న ముఖం పైకి వచ్చేలా చూసుకోవాలి. తిరగేసి బిగిస్తే రెండు మూడు వేసవులకే పసుపెక్కి పెళుసవుతుంది. ఇనుప రేకు చవక, కానీ వానలో మాట వినపడదు. రేకు కింద కాస్త ఖాళీ వదిలి వెదురు చాప బిగిస్తే వేడీ చప్పుడూ రెండూ తగ్గుతాయి. బట్ట కప్పులు పెళ్లిళ్లకు, పేరంటాలకు.

స్తంభాలకు టేకు మంచిదే, ఖరీదెక్కువ. నల్లమద్ది, ముదురు తాటి దూలం తట్టుకుంటాయి. సరుగుడు గుంజలు చవక, నిటారుగా ఉంటాయి, నాలుగైదేళ్లకు మార్చుకోవచ్చనుకునేవారికి సరిపోతాయి. ఏ కర్రయినా నేలలో పాతకూడదు. ఇనుప చెప్పులో నిలిపి, అడుగు భాగం నేలకు రెండంగుళాల పైన ఉండేలా చేస్తే చెదలు, చెమ్మ రెండూ దూరంగా ఉంటాయి. వెదురు గజీబో చూడముచ్చటగా ఉంటుంది. అయితే లేత వెదురులోని పిండి పదార్థం కోసం పుచ్చు పురుగు చేరుతుంది. కణుపుల దగ్గర సన్న రంధ్రాలు, కింద లేత పసుపు పొడి కనిపిస్తే పురుగు పట్టిందని గుర్తు. బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణంలో నానబెట్టిన వెదురే కొనాలి. పైన వార్నిష్ పూసినంత మాత్రాన లోపలి పురుగు చావదు.

మన ఊళ్లలో ఎక్కువ ఇళ్లకు ఒదిగేది వెల్డింగ్ షాపులో చేయించుకునే ఇనుప చట్రం. గొట్టం మందం రెండు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. షాపు భాషలో అది 14 గేజి. గేజి అంకె పెరిగిన కొద్దీ రేకు పలచబడుతుందని గుర్తుంచుకోవాలి. 18 గేజి ఇస్తామంటే ఎక్కువ ఇస్తున్నారని మురిసిపోతే చిక్కే. గొట్టాల పై కొసలు తెరిచి వదిలేస్తే వాన నీళ్లు లోపల నిలిచి, అడుగు నుంచి తుప్పు తినుకుంటూ వస్తుంది. ప్రతి కొసకూ మూత వెల్డింగ్ చేయించాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో రెడ్ ఆక్సైడ్ పూతను నమ్ముకోకూడదు. జింకు తాపడం చేసిన గొట్టాలు తీసుకుని, వెల్డింగ్ చేసిన చోట కాలిపోయిన జింకు బదులు జింక్ ప్రైమర్ పూయించాలి. పౌడర్ కోటింగ్ చేసిన అల్యూమినియం ఇంకా మేలు. అది తేలిక కాబట్టి బోల్టుల విషయంలో రాజీ పడకూడదు.

నేల చుట్టూ ఉన్న మట్టికన్నా ఆరు నుంచి తొమ్మిది అంగుళాల ఎత్తున అరుగులా లేపి, నీళ్లు బయటికి జారేలా పదడుగులకు ఒకటింపావు అంగుళం వాటం పెడితే చాలు. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు గరుకు ముఖంతో పరిస్తే వానలో కాలు జారదు. నునుపు చేసిన నల్ల కడప బండలు ఎండకు కాలతాయి, తడికి జారతాయి. పెద్దవాళ్లున్న ఇంట్లో మెట్టు ఎత్తు ఆరంగుళాలు మించకూడదు.

తీగల ముచ్చట లేకుండా తోట మండపం పూర్తి కాదు. తెల్లగా విచ్చి, గులాబీగా మారి, ఎర్రబడే రాధామనోహరం రాత్రిళ్లు వాసన వెదజల్లుతుంది, పడమటి వైపు ఎండకు నిండైన తెర అవుతుంది. సన్నజాజి తేలిక. కాగితం పూలకు ముళ్లున్నాయి కాబట్టి కూర్చునే ఎత్తుకు రాకుండా కత్తిరిస్తుండాలి. కర్ర స్తంభాలకు తీగను నేరుగా చుట్టనిస్తే చెమ్మ పట్టి కర్ర పుచ్చుతుంది. నాలుగంగుళాల ఎడంగా తీగ జాలీ కట్టి దాని మీదికి ఎక్కించాలి. పెంకుల మీదికి మాత్రం ఏ తీగనూ పాకనివ్వకూడదు.

దీపం, పంకా కావాలంటే అరుగు పోయకముందే గొట్టాల్లో తీగలు భూమిలో వేయించాలి. ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల కరెంటు లీకైతే కట్టయ్యే ఆర్‌సీసీబీ స్విచ్చి తప్పనిసరి. తడి కాళ్లతో స్విచ్చి ముట్టుకునే చోటు అది. తెల్ల దీపాలకన్నా పసుపు దీపాలకు పురుగులు తక్కువగా వస్తాయి. దోమలకు పంకా గాలే సగం మందు.

బేరం కుదిరాక కాగితం మీద రాయించుకోవాల్సినవి గొట్టం గేజి, దిమ్మల కొలతలు, చూరు ఎంత బయటికి వస్తుందన్నది. రంగు, శిఖరం మీద కలశం సంగతులు ఎటూ అమ్మేవాళ్లే గుర్తు చేస్తారు. కట్టిన తర్వాత ఏటా ఏప్రిల్ మొదట్లో ఒకసారి, కోస్తాలోనైతే అక్టోబరుకు ముందు మరోసారి స్పానరు పట్టుకుని ప్రతి నట్టూ బిగించి చూడాలి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు తడికెలు, తెరలు, వేలాడే కుండీలు విప్పి ఇంట్లో పెట్టాలి. గాలి ఆగేదాకా గజీబో కింద ఎవరూ నిలబడకూడదు.